సున్నం ఆరేలోపల

ఓబులేసు ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా మంచినీళ్ళకన్నా ముందు ఒక ప్రశ్న ఎదురొచ్చేది.

"మీ ముత్తాత పేరేమప్పా?"

గ్యాసు బండ మోసుకొచ్చినవాడు, జనాభా లెక్కలకొచ్చిన పంతులమ్మ, ఎవరూ తప్పించుకోలేదు. చాలామంది తాత పేరు దగ్గరే నీళ్ళు నమిలేవాళ్ళు. అప్పుడు ఓబులేసు ముఖంలో బోలెడంత జాలి కనిపించేది, ఆ జాలి వెనక పట్టరాని సంతోషం కూడా. వాళ్ళను ముందుగదిలోకి తీసుకుపోయి, గోడంతా ఆక్రమించిన చింతకొమ్మ వారి వంశవృక్షం చూపించేవాడు. పోస్టాఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనప్పటి నుంచి ఆయనకు ఇదే లోకం. బతికున్న చుట్టాల పెళ్ళిళ్ళను మోకాళ్ళ నొప్పులని చెప్పి ఎగ్గొట్టే మనిషి, ఏ పల్లెలోనో తమ ఇంటిపేరున్న సమాధిరాయి ఉందని తెలిస్తే మాత్రం తెల్లారకముందే బస్టాండులో ఉండేవాడు.

ఆ పటానికి మొదట్లో, ఎర్రసిరాతో, చెన్నప్ప. ఓబులేసుకు ముత్తాత. నూటయాభై ఏళ్ళ కిందటి ధాత కరువులో జనం ఆకులూ అలములూ తిని రాలిపోతుంటే, ఊరికంతటికీ గంజి పోసి నిలబెట్టినవాడని పేరు. గంజి చెన్నప్ప. ఆ పేరు పలికేటప్పుడు ఓబులేసు గొంతు వణికేది. అది నటన కాదు, నిజంగానే వణికేది.

చెన్నప్ప కింద కొమ్మలన్నీ మగవాళ్ళవే. ఆడవాళ్ళ జాగాలో 'భార్య' అని మాత్రం ఉండేది. ఓబులేసు పక్కనా అంతే. ఆ భార్య పేరు ఆదెమ్మ అనీ, తనను కన్న తల్లి అనీ ఆ పటం చూసినప్పుడల్లా గుర్తుచేసుకునేది కూతురు హైమావతి ఒక్కతే. ఒకసారి అడిగింది కూడా.

"అమ్మ పేరు రాయకూడదా నాయనా?"

"జాగా చాలదు పాపా. అందరి పెండ్లాల పేర్లూ రాసుకుంటా పోతే గోడ యాడ సరిపోతాది?"

హైమావతికి నలభై దాటి చాలా ఏళ్ళయింది. ఆమె పెళ్ళి మాట తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఎప్పుడో మరిచిపోయారు. అనంతపురంలో యూనివర్సిటీ ఉద్యోగం, పాత కట్టడాల సున్నం మీద పరిశోధన. పగుళ్ళిచ్చిన కోటగోడలకు సున్నం ఏ పాళ్ళలో కలపాలో చెప్పే పని. తండ్రిలాగే కూతురూ పాతవాటి వెంటపడుతుందని వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే ఆమెకు ఒళ్ళు మండేది.

ఆ సున్నంలోనే ఆమెకు అది దొరికింది. తడిసున్నం ఆరేటప్పుడు గాలిని పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. ఆ రాతి పలుకులు ఒక్కొక్కటే కుదురుకునే వేళలో దగ్గర ఎవరైనా మాట్లాడితే, ఆ మాటల అదురు వాటి అమరికలో ఉండిపోతుందేమోనని అనుమానం. ఒక ఇటుకకు సున్నం పూసి, దాని ముందు కూర్చుని చిన్నపిల్లలా ఎక్కాలు అప్పజెప్పింది. ఆరాక సూదిమొనంత వెలుగుతో ఆ పొరను రేణువు రేణువుగా ఆవిరి చేస్తూ, ఆ అదురును స్పీకరుకిచ్చింది. మొదట ఇసుక జారుతున్న చప్పుడు. తర్వాత, నూతి అడుగు నుంచి వచ్చినట్టు, "రెండు మూళ్ళు ఆరు." దాని వెనకే వాచ్‌మన్ మద్దిలేటి దగ్గు. మద్దిలేటి తన దగ్గు తనే విని హడలిపోయి కొన్నాళ్ళు బీడీ మానేశాడు.

దీనికి చిక్కులు లేకపోలేదు. సున్నం తడిగా ఉన్నంతసేపే అది వింటుంది. దగ్గరున్నవాళ్ళ మాటే వింటుంది, వాకిట్లో అరుగు మీద కూర్చున్నవాళ్ళ మాట దానికి అందదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఒకసారి చదివిన పొర ఇక ఉండదు. సరిగ్గా చదివితే మాట దక్కుతుంది, యంత్రం తడబడితే మాటా పోతుంది, పొరా పోతుంది.

ఆ సాయంత్రం మద్దిలేటి తాళం వేయడానికి వచ్చేసరికి హైమావతి స్టూలు మీద కూర్చుని ఏడుస్తోంది. తన ఊళ్ళో ఇళ్ళకు ఏటా ఉగాదికి ముందు సున్నం కొడతారు. ఏడాదికొక పొర. కొట్టేది ఆడవాళ్ళు. తలకు తువ్వాలు చుట్టి, కొంగు నడుముకు దోపి, గోడకు మూరెడు దూరంలో నిలబడి, కుంచె ఆడినంతసేపూ నోరు కూడా ఆడించే తన తల్లి ఆమెకు బాగా గుర్తుంది. సున్నంలో నీలిమందు కలిపే పని చిన్నప్పుడు తనదే. అమ్మ మొహం గుర్తుంది, మోచేతి దాకా కారిన సున్నం గుర్తుంది. గొంతు గుర్తులేదు. ఎనిమిదో ఏట ఏదో జ్వరం వచ్చి అమ్మ పోయింది. ఒక పెళ్ళి ఫొటోలో నలుగురి వెనక నిలబడిన బొమ్మ తప్ప ఏమీ మిగల్లేదు. ముప్పై అయిదేళ్ళు దాటినా హైమావతికి ఆ గొంతు కావాలనే ఆకలి తీరలేదు. అది ఊళ్ళోని తమ పాత మిద్దె గోడలో ఉంది.

ఆ మిద్దె మూతబడి చాలా కాలమైంది. రోడ్డు వెడల్పు చేస్తారని దాని మీద అప్పటికే ఎర్రగీతలు పడ్డాయి. కూల్చకముందే ఆమె పరుగెత్తుకుపోయి, నట్టింటి గోడలో తలుపంత ముక్కను కోయించి, చెక్కచట్రంలో బిగించి, బొంతలు చుట్టి లారీకెక్కించింది. ఓబులేసు డ్రైవరు పక్కన కూర్చుని దారి పొడుగునా వాడి ముత్తాత పేరు రాబట్టే ప్రయత్నం చేశాడు.

"అయితే పాపా, మా ముత్తాత గొంతు ఇనొచ్చంటావు!" గోడను ప్రయోగశాలలో దించాక ఆయన దాని చుట్టూ తిరుగుతూ అన్నాడు. కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా ఉన్నాయి.

"ఆఖరుకు రావచ్చు నాయనా. పైన డిస్టెంపరు. దాని కింద అమ్మ కొట్టిన పొరలు. అవి చదివి, ఒక్కొక్కటే దిగుతాపోవాల."

"దిగు, దిగు. దీపావళి అయినాక మన వంశ సమ్మేళనం పెట్టుకున్నా. కల్యాణమండపం మాట్లాడేసినా. మూడు వందల మంది వస్తాండారు. చెన్నప్ప మాట్లాడితే ఎట్లుంటాదో సూడు!"

ఆయన విన్నది 'ఆఖరుకు రావచ్చు' అన్న మాట ఒక్కటే. మధ్యలో చెప్పిన అమ్మ ఆయన చెవిన పడలేదని హైమావతికి అప్పుడు తెలియలేదు. తెలిసి ఉంటే ఆ గదికి రెండు తాళాలు వేసుకునేది.

ఆమె మాత్రం అమ్మ పొర జోలికి పోలేదు. చెయ్యి తడబడుతుందని భయం. ముందు వేరే గోడల మీద చెయ్యి కుదరాలనుకుంది. పడగొట్టిన సత్రం గోడ పెళ్ళల్లో ఒక ఆడమనిషి మేకను నానా తిట్లూ తిట్టడం వినిపించింది. ఒక బడి గోడలో కుంచె చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడో గోడ సగంలో కాలిపోయింది. కాలిపోయినప్పుడల్లా ఆమె అమ్మ పొరను ఇంకో నెల వాయిదా వేసేది. రోజూ పొద్దున టిఫిను దగ్గర తండ్రి సాధింపు.

"ఇంగా మేకలనే ఇంటాండావా?"

"తొందరపడితే అమ్మ పోతాది నాయనా."

"నీ తీరు చూస్తే సమ్మేళనం నాటికి నీ యంత్రం మేకలతోనే ఆగేట్టుండాది."

దసరా ముందు ఆమె ఒక సదస్సుకు హైదరాబాదు పోవలసి వచ్చింది. తిరిగొచ్చి గది తలుపు తీసేసరికి నేలంతా తెల్లటి పొడి. గోడ ముందు ఒక మేస్త్రీ ఉప్పు కాగితంతో నింపాదిగా రుద్దుతున్నాడు. ఓబులేసు కుర్చీ వేసుకుని, ముక్కుకు రుమాలు కట్టుకుని, "ఆ మూల, ఆ మూల" అంటూ చేయించుకుంటున్నాడు. మేడం గారి నాయనే కదా అని మద్దిలేటి తాళం తీసిచ్చాడు.

హైమావతి చేతిలోని సంచీ కిందపడింది.

"వచ్చినావా! సూడు పాపా, నీకు ఎంత పని తప్పించినానో. పైపైవే తీయించినా. కిందివి ఒకటి కూడా ముట్టలా."

"ఏం చేసినావు నాయనా?"

"అవన్నీ మన కాలంవే గదా. మనం చూసినవే, మనకు తెలిసినవే. వాటిలో చరిత్ర ఏముంటాది?"

"అమ్మ ఉంది."

ఆయన రుమాలు కిందికి లాక్కుని గోడ వైపు చూశాడు, నేల మీది పొడి వైపు చూశాడు. "మీ అమ్మా?" అన్నాడు. ఆ ఆశ్చర్యంలో కపటం లేదు. దానికే హైమావతి గుండె మండిపోయింది. ఎన్నిసార్లు చెప్పింది! ఆయన మెదడులో ఆదెమ్మ పూర్వీకుల జాబితాలో చేరలేదు, చుట్టాల జాబితాలోనూ లేదు. ఇంట్లో కుంచె పట్టుకుని తిరిగిన మనిషి, అంతే.

మేస్త్రీ పోయాక ఆమె ఆ పొడినంతా ఊడ్చి ఒక స్టీలు డబ్బాలో పోసి మూత పెట్టింది. అది ఇంక పళ్ళు తోముకోవడానికి కూడా పనికిరాదని ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. అయినా పోసింది.

తర్వాత ఆ ఇంట్లో మాటలు అన్నం, మందుబిళ్ళల వరకే నడిచాయి. అలా ఉండగానే ఆమె అడుగు పొర చదవడానికి ఒప్పుకుంది. ఇంక పోగొట్టుకోవడానికేమీ లేదు గనుక చెయ్యి తడబడుతుందన్న భయం కూడా పోయింది. నడుమ పొరలు ఒక్కొక్కటే దిగాక కరువు జాగా కనిపెట్టడం కష్టం కాలేదు. తిండి లేని ఏళ్ళలో ఎవరూ సున్నం కొట్టలేదు, పొరల మధ్య మట్టిదుమ్ము గీత ఒకటి స్పష్టంగా ఉంది. ఆ గీత మీద తొలి పొర, కరువు తీరాక కొట్టినది.

ఓబులేసు తలంటు పోసుకుని, కొత్త పంచె కట్టుకుని వచ్చి, సెల్‌ఫోను స్పీకరు దగ్గర పెట్టి చేతులు జోడించాడు. ఇసుక జారిన చప్పుడు. కుంచె చప్పుడు. తర్వాత గొంతు. ఆడగొంతు.

ఆయన చేతులు కిందికి దిగాయి. "ఎవరిది? చెన్నప్ప యాడ?"

"గోడకు సున్నం కొట్టింది చెన్నప్ప కాదు గదా నాయనా" అంది హైమావతి.

"నారాయణా, బానలో చెయ్యి పెట్టగాకురా, కాల్తాది" అంటోంది ఆ గొంతు. నారాయణప్ప చెన్నప్ప కొడుకు, ఓబులేసుకు తాత. ఈమె చెన్నప్ప పెళ్ళాం. పటంలో 'భార్య'. "మీ నాయన గంజి పోసినాడని ఊరంతా మొక్కుతాండ్రు."

ఓబులేసు గొంతులోంచి ఆనందంతో ఒక వెక్కు వచ్చింది. జోడించిన చేతులు మళ్ళీ లేచాయి.

"ఏ జొన్నలతో పోసినాడో నువ్వన్నా గుర్తుపెట్టుకో. మీ అక్కను కూలీల బండి ఎక్కించి తెచ్చిన జొన్నలురా అవి. సముద్రం అవతలికంట. తిర్నాలకు తీస్కపోతాండారనుకునింది, నవ్వుకుంటా ఎక్కింది బిడ్డ." కుంచె కాసేపు ఆగింది. "ఎర్రమన్నుతో దాని చెయ్యి ఈడ అద్దింది. కనపడగూడదంట, సున్నం కొట్టమన్నాడు మీ నాయన. కొడతాండా. మంది బతికినారు. నువ్వు బతికినావు. సుంకి పాయ. నేను పోయినంక దాని పేరు చెప్పేవాళ్ళుండరు. సుంకి. ఏదీ, అను."

చిన్నపిల్లాడి గొంతు, ఆటలో ఉన్న గొంతు, "సుంకి" అంది.

మళ్ళీ కుంచె చప్పుడు. ఆ చప్పుడు వినిపించిన చోటల్లా గోడ మీద సున్నం ఆవిరైపోతూ, దాని కింద నుంచి ఎర్రటి మరక ఒకటి పైకి తేలింది. బొటనవేలు, చూపుడువేలు, తర్వాత మిగతావి. అయిదేళ్ళ పిల్ల చెయ్యి. వేళ్ళన్నీ బాగా విడదీసి, గట్టిగా అద్దిన చెయ్యి.

హైమావతి యంత్రం ఆపేసి ఆ చెయ్యి ముందు నేల మీద కూర్చుండిపోయింది. తండ్రి కూడా వచ్చి ఆ వేళ్ళ మీదికి వంగి చూశాడు. ఆయన కరిగాడని, ఇన్నాళ్ళకు ఆయనకొక మనిషి కనిపించిందని ఆమెకు ఆశ పుట్టింది.

"పాపా" అన్నాడు మెల్లగా. "ఆ మొక్కుతాండ్రు అన్నకాడికి కత్తిరిస్తావా?"

ఆమె తలెత్తి చూసింది. "సుంకి పేరు పటంలో రాస్తావా, చెప్పు."

"సమ్మేళనంలో పంచేదానికి పటం ప్రింటుకు పోయినాది. అయినా ఆడపిల్ల గదమ్మా. ఉన్నింటే కూడా ఇంకో ఇంటికి పోయేదే."

"ఇంకో ఇంటికి పోవడం, అమ్ముడుపోవడం ఒకటేనా నాయనా?"

"కరువు కాలం పాపా. ఊరు నిలబడింది గదా. మనం కూర్చోని తీర్పులు చెప్పేదానికి ఎవరం?" అన్నాడాయన. ఆ మాటలో కొంత నిజం ఉంది. అందుకే హైమావతికి దాన్ని విసిరికొట్టడం చేతకాలేదు. కత్తిరించనని మాత్రం చెప్పింది. దానికేం, కత్తిరించేవాడు సెల్‌ఫోను దుకాణానికొకడున్నాడు.

సమ్మేళనం ఘనంగా జరిగింది. ముంబయి నుంచి, బళ్ళారి నుంచి చింతకొమ్మ వాళ్ళు దిగారు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ, దాని నడుమ ఎర్రటి అరచెయ్యి, కింద 'చెన్నప్ప వంశ శుభముద్ర' అని అక్షరాలు. ఫ్లెక్సీ మీద పెంచి వేస్తే ఏ చెయ్యైనా పెద్దదే. ఓబులేసు మైకు ముందు నిలబడి సెల్‌ఫోను నొక్కాడు. "మీ నాయన గంజి పోసినాడని ఊరంతా మొక్కుతాండ్రు." హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు ఆగలేదు. ఆ మాటను రెండోసారి వేయించుకుని విన్నారు.

వెనక వరుసలో హైమావతి పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్ళొత్తుకుని, "ఎంత పుణ్యాత్ముడో గదమ్మా" అంది. లేచి చెప్పాలని హైమావతి ప్రాణం కొట్టుకులాడింది. లేవలేదు. నారాయణప్ప బతకబట్టే వీళ్ళంతా ఉన్నారు, నారాయణప్ప ఆ జొన్నలు తిని బతికాడు. ఆ హాల్లో సుంకిని తినకుండా పుట్టిన మనిషి ఒక్కరూ లేరు, తనతో సహా. ఎవరి మీద అరవాలి? ఇంతలో భోజనాలకు లేవమన్నారు, అందరూ లేచారు, ఆమె కూడా లేచింది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె తండ్రిని ప్రయోగశాలకు తీసుకుపోయింది. ఆయన నిన్నటి సన్మానం శాలువాతోనే వచ్చాడు, మద్దిలేటికి మిఠాయి పెట్టాడు. గోడ దగ్గర బానలో సున్నం తెల్లగా తేరుకుని ఉంది. హైమావతి కొంగు దోపుకుని, నీలిమందు కలిపి, కుంచె ముంచింది. ఎర్రచెయ్యి చుట్టూ జాగా వదిలి, మిగతా గోడంతా కొట్టుకుంటూ వచ్చింది. ముందు "సుంకి" అంది గోడతో. తర్వాత "ఆదెమ్మ" అంది. తర్వాత కుర్చీ గోడకు దగ్గరగా జరిపింది.

"కూర్చో నాయనా. ఇది ఆరేదాకా నువ్వు ఏం మాట్లాడితే అది నిలబడతాది."

ఓబులేసు ముఖం వెలిగిపోయింది. శాలువా సర్దుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "చింతకొమ్మ చెన్నప్ప. చెన్నప్ప కొడుకు నారాయణప్ప. నారాయణప్ప కొడుకు..."

"అది కాదు. అది ప్రింటైంది గదా. అమ్మ మాట ఒకటి చెప్పు."

"మీ అమ్మకేమి, మంచిది. ఓపిక గల మనిషి."

"అది నువ్వనే మాట. అమ్మ అన్న మాట చెప్పు. ఒక్కటి చాలు. ఆమె ఎట్లనేదో అట్లనే అను."

ఆయన నవ్వబోయి ఆగాడు. "అన్నానికి లెయ్యమనేది."

"ఎట్లనేది? నిన్నేమని పిలిచేది?"

ఆయన నోరు తెరిచాడు. పదిహేనేళ్ళు ఒకే కప్పు కింద కాపురం. ఆయన పెదాలు ఏదో పట్టుకోబోయి వదిలేశాయి. కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడో పల్లెలో సమాధిరాయి మీద అరిగిపోయిన అక్షరాలను వేలితో తడిమి చదవగలిగిన మనిషి, ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని తడుముకుంటున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. హైమావతి కుంచె పట్టుకుని నిలబడింది. ఏదో ఒకటి, తిట్టైనా సరే. తను మరిచిపోయింది, ఈయనకైనా గుర్తుండాలి. ఈ లోకంలో ఆ గొంతును రోజూ విన్నవాడు ఇంకెవడూ మిగల్లేదు.

గోడ పై అంచు నుంచి ఆరి తెల్లబడుతూ వస్తోంది.

"పాపా" అన్నాడు ఓబులేసు. ఈసారి ఆ గొంతు వణికింది చెన్నప్ప కోసం కాదు. "రాలేదమ్మా. ఒకటి కూడా రాలేదు." కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి జారుతున్నా తుడుచుకోలేదు. "ఇంగ కొంచేపుండు. వస్తాది. గోడ మీద రవ్వన్ని నీళ్ళు చల్లు పాపా, ఆరనీయగాకు."

హైమావతి వేలితో గోడను తాకి చూసింది. వేలికి ఏమీ అంటలేదు.